హాఫ్ ప్లేట్ స్టాండు కెమెరా: అద్దం మీద పదును, నెగటివ్‌లో మసక

గోదారిగట్టు
మా పెదనాన్నది మండపేటలో స్టూడియో. 1990ల్లో మూసేశారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అటక మీద గోనెసంచిలో చుట్టి ఉన్న స్టాండు కెమెరా దించి రాజమండ్రి తెచ్చుకున్నాను. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, వాగీశ్వరి, అలెప్పీ అని బిళ్ళ. హాఫ్ ప్లేట్, అంటే 4¾ × 6½ అంగుళాలు. లెన్సు ఇంకా పాతది. ఇత్తడి గొట్టం, ర్యాపిడ్ రెక్టిలినియర్, 8 అంగుళాలు. దాని ముందు తాడు లాగి ఎక్కించే గుడ్డ షట్టరు. ఫిల్ము పెట్టడానికి పుస్తకంలా తెరుచుకునే స్లైడులు మూడు.

తిత్తికి, అంటే లెన్సుకీ వెనక భాగానికీ మధ్య సాగే మడతల గొట్టానికి, రెండు చిల్లులుంటే నల్లగుడ్డ అంటించాను. వెనక, బొమ్మ చూసి ఫోకస్ చేసే అద్దం పగిలి ఉంటే కొత్తది కోయించి వేశాను. ఎక్స్‌రే ఫిల్ము కోసి, వెనక అట్టముక్క పెట్టి స్లైడులో ఎక్కించాను. నాలుగు తీశాను. రెండు పెదనాన్నవి, వీధరుగు మీద కుర్చీ వేసి. రెండు గోదారి రేవు నుంచి పాత హేవ్‌లాక్ వంతెన. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే అద్దం మీద తలకిందులుగా ఆ బొమ్మ ఎంత బాగుందో! భూతద్దం పెట్టి మరీ ఫోకస్ చేశాను. కడిగి చూస్తే నాలుగూ మసక. పెదనాన్నవి పల్చగా కూడా వచ్చాయి. రెండు వారాల నుంచి బుర్రంతా ఇదే. ఎక్కడ తప్పు జరిగుంటుంది?

బెజవాడ_హైపో
లెన్సులో బూజు. టార్చి వేసి చూడండి. అటక మీద ఉన్న వాటికి చాలావరకు అదే జబ్బు.

ఓరుగల్లు_పోరడు
అన్నా, బూజు ఉంటే అద్దం మీద గూడ మసకనే కనపడాలె గదా. ఆయన అద్దం మీద మంచిగ కనపడ్డది అంటుండు.

డాలస్_చీకటిగది
ఓరుగల్లు తమ్ముడి మాట నిజం. అదే లెన్సు, అదే బొమ్మ. అద్దం మీద పదునుండి ఫిల్ము మీద లేదంటే, తీసేటప్పుడు కెమెరా కదిలి ఉండాలి, లేదా స్లైడు దూర్చేటప్పుడు లెన్సు ఉన్న ముందు పలక జరిగి ఉండాలి, లేదా అద్దం ఉన్న చోట ఫిల్ము ఉండటం లేదు. ముందు ఒక్క పని చెయ్యండి. నెగటివ్‌లు కిటికీకి పెట్టి మూలమూలా వెతకండి. ఎక్కడైనా ఏ చిన్న వస్తువైనా పదునుగా ఉందా? ఉంటే కదలడం కాదన్నమాట.

కొండపల్లి_ట్రైపాడ్
నా మాట విని దాన్ని షోకేసులో పెట్టుకోండి. ఇప్పటి 4×5 కెమెరా, మాడ్రన్ లెన్సు, మామూలు హోల్డర్లు కొనుక్కోండి. హాఫ్ ప్లేట్ సైజు ఫిల్ము బజార్లో దొరకదు, స్పెషల్ ఆర్డర్. 4×5 అయితే ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4, హెచ్‌పీ5, ఫోమా అన్నీ పెట్టెల్లో వస్తాయి. కొత్తవాళ్ళు పాత కెమెరా రోగాలు, తమ తప్పులు రెండూ ఒకేసారి నేర్చుకోవాలంటే ఎవరికైనా విసుగొస్తుంది.

గోదారిగట్టు
@కొండపల్లి_ట్రైపాడ్ అన్నా, మీ మాట సబబే కావచ్చు. కానీ నాకు కావలసింది ఈ కెమెరాయే. మా ఊళ్ళో పెళ్ళయిన ప్రతి జంటా ఈ గాజు ముందు నిలబడ్డారు.

గుంటూరు_రేడియో
నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. సైజు సంగతికి భయపడనక్కర్లేదు. 8×10 అంగుళాల ఎక్స్‌రే ఫిల్ములో హాఫ్ ప్లేట్లు సరిగ్గా రెండు వస్తాయి. 4¾ రెండుసార్లు అంటే 9½, పక్కన ఇంకో అరంగుళం మిగులు. ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు, అన్ని రంగులూ పట్టే పాన్ ఫిల్ములా కటిక చీకటి అక్కర్లేదు. కాకపోతే రెండు వైపులా ఎమల్షన్, అంటే మందు పూత, ఉంటుంది, తడిసిందంటే గోరు తగిలినా గీత పడుతుంది. ట్రే అడుగున గాజుపలక వేసి, ఒక్కో ముక్కే కడగండి.

ఇంకో సంగతి. దీనికి ఎరుపు కనపడదు. పెదవులు, ఎర్రటి మొహాలు ముదురుగా వస్తాయి. సాయంత్రం పచ్చటి ఎండలో ఫిల్ము స్పీడు, అంటే వెలుగు పట్టే వేగం, ఇంకా తగ్గిపోతుంది. పల్చగా రావడానికి అదీ కారణం కావచ్చు.

బెజవాడ_హైపో
@గుంటూరు_రేడియో అక్కా, రెండు వైపులా ఎమల్షన్ ఉంటే బొమ్మ రెండుసార్లు పడి మసకయ్యిందేమో?

గుంటూరు_రేడియో
అంత తేడా రాదు తమ్ముడూ. మధ్యలో ప్లాస్టిక్ మందం చాలా తక్కువ. పెద్దది చేసి చూస్తే కొంచెం మెత్తదనం ఉంటుందంతే. నెగటివ్‌ని పేపరుకి ఆనించి అదే సైజులో కాంటాక్ట్ ప్రింట్ వేస్తే కంటికి ఆనదు.

గోదారిగట్టు
@డాలస్_చీకటిగది మీరు చెప్పినట్టు వెతికాను. పెదనాన్న మొహం మసక, చొక్కా గుండీలు మసక. ఆయనకి వెనక అడుగున్నర దూరంలో తలుపు ఉంది. ఆ తలుపు గొళ్ళెం పదునుగా ఉంది! గొళ్ళెం మీద మేకు తల కూడా కనిపిస్తోంది. వంతెన ఫోటోల్లో మాత్రం ఏదీ పదునుగా లేదు. పెదనాన్నవి రెండూ, వంతెనది ఒకటి అపర్చర్, అంటే లెన్సు రంధ్రం, 8 దగ్గర తీశాను, వంతెనది ఇంకోటి 32 దగ్గర. 32 ది కొంచెం నయం, కానీ బాగా నల్లగా, దట్టంగా వచ్చింది. ఫోను మీటరు చూసే తీశాను మరి.

డాలస్_చీకటిగది
గొళ్ళెం దొరికిందంటే సగం దొరికినట్టే. కెమెరా కదల్లేదు. ఫోకస్ వెనక్కి పోయింది. మనిషికి పెట్టింది తలుపు మీద పడింది. వంతెన అనంత దూరం కిందే లెక్క, దాని వెనక ఇంకేమీ లేదు కాబట్టి అక్కడ అంతా మసక. అంటే మీ ఫిల్ము అద్దం కన్నా లెన్సుకి దగ్గరగా ఉంది. నా లెక్కలో 10 అడుగుల దగ్గర 8 అంగుళాల లెన్సుకి అడుగున్నర తేడా రావాలంటే వెనక రెండు మిల్లీమీటర్లు చాలు.

అట్టముక్క ఫిల్మును మరీ ముందుకు తోస్తోందా? స్లైడు లోతు కొలిచి చెప్పండి.

మరో ప్రశ్న. లెన్సు మీద అపర్చర్ అంకెలు ఎక్కడ మొదలవుతాయి?

గోదారిగట్టు
4, 8, 16, 32, 64. అంతే.

డాలస్_చీకటిగది
పల్చనకీ దట్టానికీ కారణం ఇదే! ర్యాపిడ్ రెక్టిలినియర్ 1866లో వచ్చిన నమూనా, మామూలుగా ఎఫ్/8 కన్నా ఎక్కువ తెరుచుకోదు. మీదాని మీద 4 ఉందంటే అది ఇప్పటి లెన్సుల మీద ఉండే ఎఫ్ అంకె కాదు. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో యు.ఎస్. అని ఒక కొలత ఉండేది, యూనిఫాం సిస్టమ్. అందులో అంకె రెట్టింపైతే వెలుగు సగం. మన లెక్కలోకి మారిస్తే:

4 అంటే ఎఫ్/8
8 అంటే ఎఫ్/11
16 అంటే ఎఫ్/16
32 అంటే ఎఫ్/22
64 అంటే ఎఫ్/32

16 దగ్గర మాత్రమే రెండూ కలుస్తాయి. మీరు 8 పెట్టి ఎఫ్/8 అనుకున్నారు, నిజానికి ఒక స్టాపు తక్కువ, అంటే సగం వెలుగే పడింది. అందుకే పెదనాన్నగారు పల్చన. 32 పెట్టినప్పుడు ఒక స్టాపు ఎక్కువ పడింది, అందుకే వంతెన దట్టం. మీ మీటరు తప్పేం లేదు.

ఓరుగల్లు_పోరడు
గిది నాకు అస్సలు తెల్వదు. నా లెన్సు చూస్త ఇప్పుడే.

కొండపల్లి_ట్రైపాడ్
సరే, కొత్తది కొనమనను. కానీ ఇంత లెక్కలెందుకు? 64 దగ్గర పెట్టి తీసెయ్యండి. ఎఫ్/32కి రెండు మిల్లీమీటర్ల తేడా ఏం కనపడుతుంది? హాయిగా ఫోటోలు తీసుకోవచ్చు.

రీటచ్_పెన్సిల్
కొండపల్లి బాబూ, అది జ్వరం తగ్గకుండానే దుప్పటి కప్పడం. ఎఫ్/32 పెడితే మసక తగ్గుతుంది, నిజమే. కానీ ఎక్స్‌రే ఫిల్ముకి నీడపట్టున సెకను దాటుతుంది, ముసలాయన అంతసేపు కదలకుండా కూర్చోవాలి. వంతెన మాత్రం అప్పటికీ పూర్తిగా బాగుపడదు. జబ్బు ఎక్కడుందో చూడాలి ముందు.

నేను తెనాలిలో 41 ఏళ్ళు స్టూడియో చేశాను, అందులో మొదటి పదేళ్ళు ఇలాంటి కెమెరాతోనే. గోదారిగట్టు గారూ, మీరు మొదటి పోస్టులో ఒక మాట అన్నారు, ఎవరూ పట్టుకోలేదు. వెనక అద్దం కొత్తది కోయించి వేశానన్నారు. ఎలాంటి అద్దం? గరుకు ఏ వైపు పెట్టారు?

గోదారిగట్టు
గాజుల కొట్టులో కిటికీలకి వేసే పాలగాజు, మూడు మిల్లీమీటర్లది. నున్నటి వైపు లోపలికి పెట్టాను, గరుకు నా వైపు. నున్నటి వైపుకి దుమ్ము అంటదని, లోపల శుభ్రంగా ఉంటుందని అనుకున్నాను. స్లైడు లోతు కూడా కొలిచాను. అట్టతో కలిపి ఫిల్ము సరిగ్గా పాత ప్లేటు ఉండాల్సిన చోటే, ముందు అంచుకి ఆనుకునే ఉంది.

రీటచ్_పెన్సిల్
అదే. గరుకు లెన్సు వైపు ఉండాలి.

బొమ్మ నిలబడేది గరుకు మీద. ప్లేటు మీద మందు పూత ఎక్కడుంటుందో గరుకు సరిగ్గా అక్కడ ఉండేలా చెక్క గాడి చేస్తాడు మేస్త్రి. మీరు తిప్పి పెట్టారు కాబట్టి గరుకు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పోయింది. గాజులోంచి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది కాబట్టి అందులో మూడో వంతు తగ్గి, రెండు మిల్లీమీటర్ల తేడా మిగిలింది. డాలస్ బాబు లెక్క కట్టింది కూడా రెండే.

గరుకు లోపలికి పెట్టారంటే గాజు ఎంత మందమైనా ఫరవాలేదు. కిటికీ గాజు గరుకు మరీ మోటు, దాని మీద కనురెప్పలు దొరకవు. అది తీసెయ్యండి.

డాలస్_చీకటిగది
గురువుగారూ, దండాలు. అద్దం కోయించాడన్న మాట నేను రెండుసార్లు చదివి కూడా దాటేశాను.

గోదారిగట్టు
ఒక విషయం చెప్పాలి. పెదనాన్నకి 84. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పోయింది. ఆ రోజు అరుగు మీద కెమెరా పెట్టగానే కుర్చీలోంచి చెయ్యి చాచారు. దగ్గరికి తెస్తే వెనక అద్దాన్ని బొటనవేలి గోరుతో గీకారు. గీకి తల అడ్డంగా ఊపారు. మళ్ళీ గీకారు. అసలు అద్దం కాదని బాధపడుతున్నారనుకుని, పాతది పగిలిపోయింది పెదనాన్నా అని సముదాయించాను. గరుకు తన వైపు ఉందని చెబుతున్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

గుంటూరు_రేడియో
ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఈసారి ఆయన చేతికే అద్దం ఇచ్చి పెట్టించండి.

వడ్రంగం_చారి
గరుకద్దం కొనక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల మామూలు గాజు ముక్కలు రెండు కోయించండి, అంచులు నూరించండి. కార్బొరండం పొడి 400 నంబరు, 600 నంబరు తెచ్చుకోండి. ఒక గాజు బల్ల మీద తడిగుడ్డ వేసి పెట్టి, చిటికెడు పొడి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, రెండోది పైన పెట్టి గుండ్రంగా తిప్పుతూ ఉండండి. గట్టిగా అదమకూడదు. మొదట గరగరమంటుంది, పొడి అరిగేకొద్దీ చప్పుడు మెత్తబడుతుంది. అప్పుడు కడిగి కొత్త పొడి. 400తో మెరుపు మచ్చలన్నీ పోయాక 600. అరగంట పని. రెండూ గరుకద్దాలే అవుతాయి, ఒకటి అదనంగా ఉంచుకోండి.

నాలుగు మూలలూ కొంచెం కోయించుకుంటే మంచిది. ఆ కోసిన మూలలోంచి లెన్సు వైపు చూస్తే లెన్సు రంధ్రం నిండుగా కనిపిస్తోందో, అంచులు తెగి కనిపిస్తోందో తెలుస్తుంది.

ఓరుగల్లు_పోరడు
మధ్యల నాదొక ప్రశ్న. నా దగ్గర గూడ హాఫ్ ప్లేట్ ఉన్నది, తాత కొన్నది, వెనక అద్దమే లేదు. దాంతోని రామప్ప గుడి తియ్యాలని ఉన్నది. ఫోనుతోని తీస్తె గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తయి. గీ కెమెరాతోని రావు అంటరు, నిజమేనా?

డాలస్_చీకటిగది
నిజమే తమ్ముడూ, ఈ కెమెరా పుట్టిందే అందుకు. కెమెరాని పైకి ఎత్తి చూపకూడదు. వెనక పలక నిట్టనిలువుగా ఉండాలి, నీటిమట్టం బుడగ పెట్టి చూసుకో. తర్వాత లెన్సు ఉన్న ముందు పలకని మాత్రం గాడిలో పైకి జరుపు. గుడి పైభాగం అద్దం మీదికి వస్తుంది, గోడలు నిటారుగానే ఉంటాయి. కాకపోతే పాత లెన్సు వేసే బొమ్మ చుట్టుకొలత చిన్నది, మరీ జరిపితే మూలలు నల్లబడతాయి. చిన్న అపర్చర్ పెడితే కొంత నయం.

కొండపల్లి_ట్రైపాడ్
రామప్పకి ట్రైపాడ్ తీసుకెళ్ళే ముందు అనుమతి సంగతి కనుక్కో. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెడితే ఆపుతారు. నన్ను ఒక చోట గేటు దగ్గరే వెనక్కి పంపారు, తెల్లారుజామున లేచి వెళ్ళింది వృథా.

చార్‌కమాన్
మన దగ్గర ఈ పని చేసిన పెద్దాయన లాలా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో ఉండేది, 1905లో పోయారు. ఇన్ని కోటలు, ఇన్ని మహళ్ళు గాజు ప్లేట్ల మీద తీశారు. ఆయన ఫోటోల్లో గోడలు చూడండి ఎంత నిటారుగా ఉంటాయో. ఓరుగల్లు భాయ్, ముందు అవి చూసి అప్పుడు బయల్దేరు.

బెజవాడ_హైపో
గోదారిగట్టు గారూ, మళ్ళీ ఫిల్ము పాడుచేసుకోకండి. ఫోటో పేపరు ముక్క స్లైడులో పెట్టి పరీక్ష చెయ్యండి. దాని స్పీడు 6 అనుకోండి చాలు. ఆరు అడుగుల దూరంలో అయిదు సీసాలు ఏటవాలుగా, ఆరంగుళాల ఎడంతో వరసగా పెట్టి, మూడో సీసాకి ఫోకస్ చెయ్యండి. అపర్చర్ పూర్తిగా తెరిచే ఉంచాలి. ఇప్పుడున్న కిటికీ గాజుతో ఒకటి, కొత్తగా నూరినదానితో ఒకటి తీస్తే తేడా తెలిసిపోతుంది. నా బూజు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గోదారిగట్టు
షట్టరు స్పీడు నమ్మొచ్చా? బిళ్ళ మీద 1/15 నుంచి 1/90 దాకా ఉన్నాయి.

రీటచ్_పెన్సిల్
స్ప్రింగు నీరసించి ఉంటుంది, నమ్మకండి. మా కాలంలో షట్టరు లేకుండానే సగం పని జరిగేది. మూత తీసి, మనసులో లెక్కపెట్టి, మూత పెట్టడమే. సెకను దాటిన వాటికి ఇప్పటికీ అదే మేలు. మూత తీసేటప్పుడు ముందు కాస్త ఎత్తి లెన్సుకి అడ్డంగా పట్టుకుని, కెమెరా ఊగడం ఆగాక పక్కకి తియ్యండి.

డాలస్_చీకటిగది
షట్టరుని ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూడొచ్చు. సెకనుకి 240 ఫ్రేములైతే 1/15కి 16 ఫ్రేముల్లో గుడ్డ తెరుచుకుని ఉండాలి. 30 ఫ్రేములు వస్తే అది 1/8 అని రాసి పెట్టుకోండి. తప్పుగా ఉన్నా ప్రతిసారీ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు.

తిత్తి సంగతి కూడా. 8 అంగుళాల లెన్సు కాబట్టి మీకు ఒక సులువుంది. తిత్తి 8 అంగుళాలు సాగితే మామూలు ఎక్స్‌పోజర్. 11 అంగుళాలు సాగితే ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలి. 16కి సాగితే రెండు. అపర్చర్ అంకెల్లాగే 8, 11, 16. దగ్గరి మొహాలు తీసేటప్పుడు టేపు జేబులో ఉంచుకోండి.

బెజవాడ_హైపో
డెవలపర్ ఏది వాడుతున్నారు?

గోదారిగట్టు
కొన్న పొడి. అయిపోవచ్చింది.

బెజవాడ_హైపో
డి-23 అనే డెవలపర్ ఇంట్లోనే కలుపుకోండి. లీటరుకి మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, అంతే. చిటికెడు సల్ఫైట్ వేశాక మెటాల్ పూర్తిగా కరగనిచ్చి, అప్పుడు మిగతా సల్ఫైట్. ముందే అంతా వేస్తే మెటాల్ కరగదు. వాడేటప్పుడు సగం నీళ్ళు. ఎండాకాలంలో మన కుళాయి నీళ్ళు సలసలమంటాయి కాబట్టి ట్రేని ఐసు నీళ్ళ పళ్ళెంలో పెట్టి 20 డిగ్రీలకి దించండి. వేడి మీద కడిగితే ఎమల్షన్ ముడతలు పడుతుంది. మేం ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదకొండు దాటాకే ప్లేట్లు కడిగేవాళ్ళం.

గోదారిగట్టు
పది రోజులు పట్టింది, చెబుతున్నాను.

సీసాల పరీక్ష చేశాను. పాత అద్దంతో మూడో సీసాకి పెడితే నాలుగోది పదునుగా వచ్చింది. చారి గారు చెప్పినట్టు గాజు నూరాను, నాకు అరగంట కాదు, గంటన్నర పట్టింది. 600 నంబరు అయ్యాక ఎండకి పెడితే పల్చటి మంచులా ఉంది. మళ్ళీ పరీక్ష, మూడో సీసా లేబులు మీద చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను.

ఆదివారం మండపేట వెళ్ళాను. అద్దం పెదనాన్న చేతిలో పెట్టాను. కుడిచెయ్యి సరిగా పనిచెయ్యదు, ఎడమచేత్తో పట్టుకుని గోరుతో రెండు వైపులా గీకి చూశారు. గరుకు లెన్సు వైపు తిప్పి నాకు ఇచ్చారు, నేను మరలు బిగించాను. అదే అరుగు, అదే కుర్చీ. లెన్సు 4 దగ్గర, అంటే ఎఫ్/8. షట్టరు వీడియోలో చూస్తే 1/15 అన్నది 1/10కి దగ్గరగా ఉంది, ఆ లెక్కనే ఇచ్చాను. రాత్రి స్టూడియో వెనక గదిలోనే, ఎర్ర బల్బు పెట్టి, ఐసు నీళ్ళలో ట్రే పెట్టి కడిగాను.

ఆయన కనుబొమల్లో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. వెనక గొళ్ళెం మసక. తడి నెగటివ్ పట్టుకెళ్ళి బల్బుకి అడ్డం పెట్టి చూపిస్తే చాలాసేపు దాన్నే చూశారు. తర్వాత ఎడమ చెంప దగ్గర వేలు పెట్టి, గాలిలో పెన్సిలుతో గీస్తున్నట్టు చూపించారు.

రీటచ్_పెన్సిల్
కంటి కింద నీడ ముదురుగా ఉందేమో. నెగటివ్ మీద అక్కడ పెన్సిలు పడితే ప్రింట్‌లో తేలికపడుతుంది. బాగా చెక్కిన గట్టి పెన్సిలు, సూది మొనలా ఉండాలి. చిన్న చిన్న కామాల్లా వెయ్యాలి, గీతలు గియ్యకూడదు. ఎక్స్‌రే ఫిల్ము జాగ్రత్త, గట్టిగా ఆనించారంటే ఎమల్షన్ లేస్తుంది. ఆయన ఎడమచేత్తో చెయ్యగలరేమో ఒక పాడైపోయిన నెగటివ్ ఇచ్చి చూడండి. ఆ మసక వాటిలో ఒకటి ఉందిగా.

గుంటూరు_రేడియో
ప్రింట్ వేశాక ఇక్కడ పెట్టకుండా ఊరుకోవద్దు.

గోదారిగట్టు
వచ్చే వారం వేస్తాను అక్కా. చారి గారూ, నూరిన రెండో గాజు మిగిలింది. అదీ హాఫ్ ప్లేట్ కొలతే. ఎవరికైనా కావాలా?

ఓరుగల్లు_పోరడు
అన్నా నాకు! నాకు పంపు. నా గాడి కొలత చూసి చెప్త, ఎక్కువుంటె ఇక్కడ అంచు నూరిపిచ్చుకుంట.

గోదారిగట్టు
నీదే తమ్ముడూ. గరుకు వైపు మూలన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పంపుతున్నా. ఆ సున్నా లెన్సు వైపు ఉండాలి.